పక్క సీటు బెల్టు

సీటు బెల్టులో లోపముందని కంపెనీ వెనక్కి పిలిచిన కారును బాగుచేయించుకుని, కురుమూర్తి చీకటి పడ్డాక నాగర్‌కర్నూల్ నుంచి అచ్చంపేటకు ఒక్కడే వస్తున్నాడు. తెలకపల్లి దాటగానే, పక్క సీటు బెల్టు పెట్టుకోమంటూ మోత మొదలైంది. సీటు మీది సంచి తీసి వెనక పడేశాడు. మోత ఆగలేదు.

కారు పక్కకు ఆపి, మెకానిక్ అఖిలేష్‌కు ఫోన్ చేశాడు. "ఏంది తమ్మీ, పక్క సీటు మోత బందైతలేదు."

"ఆ సీటు సెన్సర్ పీకేసినం కదనే. కొత్తది ఇంక రాలే. అది మోగే ముచ్చటే లేదు."

అది బావ తిరుపతి కూర్చునే సీటు. బెల్టు ఛాతీ మీద ఉంటే ఊపిరాడదని, మోత ఆపడానికి వీపు వెనక నుంచి పెట్టుకునేవాడు. పోయినేడు ఇదే కారు చెట్టుకు గుద్దుకున్నప్పుడూ అట్లాగే కూర్చున్నాడు. అతని సంవత్సరీకం కూడా అయిపోయింది.

"అన్నా, ఇంటున్నవా?" అఖిలేష్ అడుగుతున్నాడు.

చీకట్లో టక్కుమని చప్పుడైంది. మోత ఆగింది.

కురుమూర్తి ఫోను వెలుగు అటు తిప్పాడు. సీటు మెత్త లోపలికి అణిగి ఉంది. బెల్టు పెట్టి ఉంది, వీపు వెనక నుంచి.