ఒడ్డు కేసి చూడకూడదు

ఆ రోజు ఇంట్లో నాన్న, మామ్మ, నేను ఉన్నాం. అమ్మ చేపల గంపతో సోంపేట వెళ్లింది. శ్రీకాకుళంలో నా పరుగు పందెం సెలక్షన్లు ఆ మధ్యాహ్నమే.

“నేనెల్లను నాన్నా,” అన్నాను.

“మొన్న టెక్కలి పందెంలో అందరికన్నా ముందున్నావు. ఎనక్కెందుకు సూసావే?”

“నువ్వు ఎండలో కూకున్నావు. పడిపోనావేమో అనుకున్నాను.”

కిడ్నీలు పాడైనప్పటి నుంచి నాన్న పాదాలు వాచే ఉంటున్నాయి.

“ఇప్పుడు నాను రాను కదా.”

“రాకపోతే ఇంకా గుర్తొత్తావు.”

“దీని మెడ ఎనక్కే తిరిగుందిరా,” అంది మామ్మ.

నాన్న గోడ పట్టుకుని లేచాడు.

“తెప్ప అల దాటేటప్పుడు ఒడ్డు కేసి సూత్తే ఏటవుద్ది?”

“తిరగబడిపోద్ది.”

“నువ్వు పుట్టిన రోజు మీ మామ్మ ఒడ్డు మీద్నుంచి ఎంత కేకేసినా నాను తిరగనేదు.”

నాన్న నా సంచి చేతిలోకి తీసుకున్నాడు.

“ఒచ్చే యేడు నువ్వు ఎనక్కి సూసినా నానుండను, అమ్మా. ఇప్పుడే అలవాటు సేసుకో.”

మామ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న సంచి నా భుజానికి తగిలించి, చెయ్యి పట్టుకుని గుమ్మం దాటించాడు.

రెండడుగులు వేసి, తిరిగి చూశాను.

నాన్న తలుపు వేసేశాడు.