బెత్తెడు వెడల్పు

“చేస్తే చేస్తానని చెప్పు, లేకపోతే లేదని చెప్పు నాన్నా. ఊళ్లో మెకానిక్‌వి నువ్వొక్కడివే కాదు!”

కూతురు ఏటీవీని షెడ్డు గుమ్మంలోనే ఆపి, తాళంచెవి తండ్రి బల్ల మీద పడేసింది. లావు టైర్ల నాలుగు చక్రాల బండి అది, కొండదారుల్లో తిప్పడానికే కొనుక్కుంది. ఆదివారం క్లబ్బువాళ్లతో అడవి దారిన కొండెక్కుతుందట. ఏటవాలులో బండి పక్కకి ఒరగకుండా ముందు చక్రాల మధ్య ఎడం పెంచి ఇమ్మని పట్టు.

“అసలు వెళ్లడమే వద్దంటుంటే ఎడం పెంచడమేమిటే? అక్కణ్ణుంచి జారితే ఎముకలు ఏరుకోవాలి.”

“అందుకేగా పెంచమంటున్నా! ఒక్కో పక్కకి రెండు వేళ్లు చాలు. కొలుచుకునే వచ్చాను.”

“ఏం కొలిచావ్?”

“దారి మొదట్లో కార్లూ జీపులూ రాకుండా రెండు ఇనప గుంజలు పాతారు కదా, వాటి మధ్య సందు. రెండు వేళ్లయితే ఒరుసుకోకుండా దూరిపోతుంది.”

తండ్రి కసురుకోబోయి ఆగాడు. అసలే ముక్కు మీద కోపం పిల్లకి. కాదంటే ఇంకెవడి దగ్గరికో పోయి వెల్డింగు చేయించుకుంటుంది. సరేనంటే కొండెక్కి కూర్చుంటుంది. పామూ చావాలి, కర్రా విరక్కూడదు. ఆయన బుర్రలో దొంగ ఆలోచన ఒకటి మెరిసింది.

“రెండు వేళ్లు ఏ మూలకే? ఒక్కో పక్కకీ బెత్తెడు, అంటే నాలుగు వేళ్లు పెంచాలి. అప్పుడు గానీ బండి నేలని పట్టుకోదు.”

“మరి గుంజల్లో పడుతుందా?”

“కొలతలు నువ్వు నాకు నేర్పుతావా?”

అమ్మాయి నవ్వేసింది. “నీ ఇష్టం బాబూ. నువ్వు చేశాక కూడా నేను టేపు పట్టుకుని చూడాలా ఏంటి?”

ఆ నమ్మకం తండ్రికి చురుక్కుమంది. అయినా పని మొదలెట్టాడు.

చిక్కల్లా అక్కడే వచ్చింది. తలపెట్టింది మోసమే గానీ, ఆ చేతులకి అడ్డగోలు పని రాదు. చక్రాన్ని బండి చట్రానికి పట్టి ఉంచే పాత ఆర్మ్‌లు విప్పేసి, మందపాటి గొట్టంతో పొడుగువి చేశాడు. అవి పొడుగైతే స్టీరింగు రాడ్లూ పొడుగవ్వాలి, బ్రేకు పైపులూ అందాలి. అన్నీ మార్చాడు. వెల్డింగులో ఒక అతుకు నచ్చక కోసిపారేసి మళ్లీ వేశాడు. షెడ్డు వెనక మట్టిగుట్ట మీద అడ్డంగా నడిపి చూస్తే బండి ఉడుంపట్టు పట్టింది. తన పనికి తనే మురిసిపోయాడు కూడా.

టీ తెచ్చిన భార్య ఆ మురిపెం చూసి వింతపడింది. “కొండెక్కొద్దంటూనే ఇంత ముద్దుగా చేస్తున్నారేంటండీ?”

“ఎక్కదులే, బెత్తెడు పెంచితే గుంజల మధ్యే పట్టదు” అని గుట్టు విప్పాడు.

ఆవిడ నుదురు కొట్టుకుంది. “కన్నకూతురి దగ్గరా మీ దొంగాటలు! వద్దని మొహం మీదే చెప్పలేరూ?”

“చెబితే వింటుందా?”

“వినకపోతే పోట్లాడండి. అంతేగానీ, నమ్మిన పిల్లని నలుగురిలో నవ్వులపాలు చేస్తారా?”

నిజమే అనిపించింది. సాయంత్రం పిల్ల రాగానే ఒప్పేసుకుందామనుకున్నాడు. పిల్ల వచ్చింది, బండి చుట్టూ తిరిగింది, నూనె మరకలని కూడా చూడకుండా వాటేసుకుంది. “నీలాంటి నాన్న ఎవరికుంటాడు!” అంది. ఒప్పుకోవాల్సిన మాట మింగేసి, ఆయన తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.

ఆదివారం పొద్దున్నే బండిని ట్రాలీకి ఎక్కించుకుని వెళ్లిపోయింది. తండ్రి షెడ్డయితే తెరిచాడు గానీ స్పానరు పట్టబుద్ధి కాలేదు. ఈపాటికి గుంజల దగ్గర ఆగిపోయి ఉంటుంది. అందరూ దూరిపోతుంటే ఇదొక్కతే బిక్కమొహం వేసుకుని నిలబడి ఉంటుంది. ఛీ, ఏం పని చేశాను! రానీ, ఎంత తిట్టినా పడతాను. బెత్తెడు కాస్తా రెండు వేళ్లకి తగ్గించి, దగ్గరుండి నేనే పంపిస్తాను అనుకున్నాడు. ఆ అనుకోవడమేదో ముందురోజు అనుకోవాల్సింది.

ఫోను మోగింది. క్లబ్బులో అందరికన్నా పెద్దాయన, కూతురు ‘గెడ్డం బాబాయ్’ అని పిలిచే మనిషి.

“మేస్త్రీగారూ, వెంటనే రండి. ఏటవాలులో బండి దొర్లింది. అమ్మాయి దాని కింద పడింది. ప్రాణానికి భయం లేదు గానీ... మీరు రండి.”

ఆయన షెడ్డు తలుపైనా వెయ్యకుండా కారెక్కాడు. అసలు లోపలికెలా వెళ్లింది? గుంజలు పీకించారా? వెళ్తే వెళ్లింది, ఆ బండి దొర్లడమేమిటి? అతుకు ఊడిందా? దారి పొడుగునా తన చేతుల్ని తనే తిట్టుకున్నాడు.

గుంజల దగ్గర కారు దిగేసరికి ఎదురుగా తను చేసిన బండే నిలబడి ఉంది. అతుకులు చెక్కుచెదరలేదు. టైర్లకి మట్టి కూడా అంటలేదు. వెర్రివాడిలా దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

అంతలో లోపలి నుంచి కూతుర్ని స్ట్రెచర్ మీద మోసుకొచ్చారు. ఒక కాలికి కర్రలు పెట్టి కట్టు కట్టారు. తండ్రి పరుగెత్తి చెయ్యి పట్టుకున్నాడు. “తల్లీ, నేనే...” అంటూనే బావురుమన్నాడు.

“ఊరుకో నాన్నా” అంది పళ్లు బిగబట్టి. “నీ బండి గుంజల్లో పట్టలేదని బాబాయ్ పాత ఇరుకు బండి తీసుకెళ్లాను. టేపు పట్టి చూసుకోకుండా తెచ్చింది నేనైతే, నువ్వెందుకు ఏడుస్తావ్?”