అయిదొస్తే ఏంటంట?

"అయిదొచ్చిందా? అయితే ఏంటంట?" అన్నాడు ప్రొఫెసర్ ఎకార్ట్. టెస్సా ఇచ్చిన మార్కుల కాగితం మీదే కొలాచీ రొట్టె పెట్టుకుని తింటున్నాడాయన. అందులో నింపిన ప్లమ్ పండు జామ్ కారి కాగితానికి అంటుకుంది.

నెబ్రాస్కాలో ఓ చిన్న కాలేజీ. హిస్టరీ డిపార్ట్‌మెంట్‌కి ఆయనే పెద్ద. ఆయన సంతకం పడితే టెస్సా నొవాట్నీ ఆగస్టులో ఊళ్ళో బడికి ట్రైనీ టీచరుగా వెళ్తుంది. పడకపోతే కొత్తగా చేరిన పిల్లల పక్కన కూచుని, హైస్కూల్లో చదివేసిన అమెరికా చరిత్రే మళ్ళీ చదవాలి. ఈలోగా బడివాళ్ళు ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు.

"అయిదుకి అయిదండీ సార్. హైస్కూల్లో ఉండగా రాసినా అది కాలేజీ స్థాయి అడ్వాన్స్‌డ్ పరీక్షే కదా. అందులో అయిదొస్తే ఇక్కడ మొదటి హిస్టరీ కోర్సు చదివేసినట్టే లెక్క అని, చేరేటప్పుడు మీవాళ్ళే చెప్పారు."

"లెక్క వేసుకోవచ్చు అని ఉంటారు. వేసి తీరతాం అన్నారా?"

చూశారా! పిల్లల్ని చేర్చుకునేటప్పుడు ఒక నాలుక, చేరాక ఇంకో నాలుక. పెద్ద చదువులు చదివినవాడికి రెండూ తడబడకుండా ఆడతాయి.

"పక్క ఊరి కాలేజీలో మా స్నేహితురాలికి ఒప్పుకున్నారండీ."

"అయితే అక్కడికే పో. ఎవరు ఆపారు?"

టెస్సా వదల్లేదు. "పోనీ ఇప్పుడే అడగండి సార్. పౌరయుద్ధం అడగండి, బానిసల సంగతి అడగండి, ఏదైనా సరే. ఇక్కడికిక్కడే చెప్తాను."

"నీకు వచ్చా రాదా అని కాదమ్మాయ్. ఎక్కడ నేర్చుకున్నావ్ అని. ఇక్కడ, నా ముందు, నా క్లాసులో కుర్చీలో కూచుని నేర్చుకుంటేనే అది చదువు."

"అంటే మీ క్లాసులో కుర్చీలు ఖాళీగా ఉన్నాయనా సార్?"

బయట గదిలో సెక్రటరీ లోర్నా కీబోర్డు చప్పుడు టక్కున ఆగిపోయింది.

ఎకార్ట్ మెడ దాకా ఎర్రబడ్డాడు. అడగకూడని మాట అది. నిజం కాబట్టి. పిల్లలందరూ హైస్కూలు మార్కులు చూపించి దాటుకుపోతే, మొదటి కోర్సు క్లాసులో ఈయన గోడలకి పాఠం చెప్పుకోవాలి. ఆ ముక్క ఒప్పుకోవటానికి ఆయనకి నోరు రాదు. దానికి 'ప్రమాణాలు' అని పేరు పెట్టుకున్నాడు.

"నోరు బానే ఉందే నీకు! ఆ పరీక్ష గొప్ప నా దగ్గర చెప్పకు. దిద్దేవాడు ఎవడో, ఏం చూసి వేస్తాడో! పప్పుబెల్లాలు పంచినట్టు అయిదులు పంచిపారేస్తారు. వాటిని పట్టుకొచ్చి మా నెత్తిన రుద్దితే సంతకాలు పెట్టాలా?"

"నేను ఒళ్ళు దాచుకోకుండా చదివాను సార్."

"అందరూ అదే అంటారు."

రొట్టె పక్కకి జరిపి, ఆ జామ్ మరక పక్కనే 'కుదరదు' అని గీకి కాగితం ముందుకు తోశాడు. అంతే. ఏడాదిపాటు తెల్లవార్లూ కూచుని చదివిన చదువు రొట్టె కింద పేపరుకి పనికొచ్చింది.

టెస్సా కాగితం మీద రొట్టె పొడి దులిపి, మడిచి, జేబులో పెట్టుకుని లేచింది. ఇంక బడికి ఫోన్ చేసి రాలేనని చెప్పుకోవాలి. ఆమె తలుపు దాకా వెళ్ళేసరికి బల్ల మీద ఫోన్ మోగింది. ఎకార్ట్ ఎత్తాడు. ఇందాకటి గొంతేనా ఇది అన్నట్టు తేనె కారింది.

"ఆ, చెప్పండి చెప్పండి! ఎల్లుండి పొద్దున్నే బయల్దేరుతున్నా. కాన్సాస్ సిటీకి కారులోనే వచ్చేస్తా... అయ్యో, నేను రాకపోతే ఎలాగండీ? జూన్ వచ్చిందంటే నాకు అదే పండగ. ఈసారి కొత్తవాళ్ళు ఎక్కువా? ఏం ఫర్వాలేదు, నా టేబుల్ దగ్గర కూచోబెట్టండి, నేను దారిలో పెడతా..."

టెస్సా చెయ్యి తలుపు పిడి మీదే ఆగిపోయింది.

"మీకు తెలియందేముంది! ఇన్నేళ్ళుగా హైస్కూలు పిల్లల అడ్వాన్స్‌డ్ హిస్టరీ పేపర్లు దిద్దుతున్నా," అన్నాడు ప్రొఫెసర్ ఎకార్ట్, కుర్చీలో వెనక్కి వాలి. "అర్హత లేని ఒక్కడికైనా నా చేతిమీదుగా అయిదు పడిందేమో చెప్పండి!"