పచ్చలైటు

"ఆ బోర్డు ఎక్కడిదండీ?"

డ్యూటీ నుంచి వచ్చిన భార్య చెప్పులైనా విప్పకుండా టీవీ వెనక్కి తొంగిచూస్తూ అడిగింది. ఆ ప్రశ్న కోసమే పొద్దుటి నుంచి కాచుకు కూర్చున్న భర్త, కొత్త రిమోట్ గాల్లో ఊపాడు.

"అరచేతిలో పట్టేంతే గానీ అది పూర్తి కంప్యూటర్. మన పాత వీడియోలు, పాటలు, సినిమాలు అన్నీ ఇక దాంట్లోంచే టీవీలోకి వస్తాయి. మీడియా సెంటర్ అంటారు. నా బోర్డు మొన్న కాలిపోయిందా, సెలవు రోజంతా దండగే అనుకుంటుంటే మీ అమ్మగారు పుస్తకాల వెనక నుంచి ఇది తీసిచ్చారు. 'బాబూ, ఈ సబ్బుపెట్టె నీకేమన్నా పనికొస్తుందా' అని."

"పచ్చలైటు వెలుగుతోంది కదా. చూడలేదా?"

"చూశాను. మెమరీ కార్డులో ఏదో పాత సరుకుంది. తుడిచేసి మీడియా సెంటర్ ఎక్కించాను."

ఆమె కుర్చీలో కూలబడింది. వంటింటి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"అది అన్నయ్య నాచేత పెట్టించిందండీ. అమ్మ మందుల డ్రాయరుకి లోపల చిన్న అయస్కాంతం ఉంటుంది. పొద్దున బీపీ మాత్ర కోసం అమ్మ డ్రాయరు లాగగానే, అది కదిలినట్టు పసిగట్టి ఆ బోర్డు అన్నయ్య ఫోనుకి కబురు పంపుతుంది. మనం పనుల్లోకి పోతే అమ్మ ఒక్కతే ఉంటుందని వాడి బెంగ."

భర్త రిమోట్ పక్కన పెట్టేశాడు. బావగారు ఈ ఇంటికి వచ్చి రెండేళ్లయింది. "నువ్వు పిలిచేదాకా ఈ గడప తొక్కను" అని కొడుకు అంటే, "చచ్చినా పిలవను" అని తల్లి అంది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనడంలో ఇద్దరూ ఒకరికొకరు తీసిపోరు. అలాంటి మనిషి రోజూ పొద్దున్నే తల్లి మాత్ర వేసుకుందో లేదో చూసుకుంటున్నాడని అతను కలలో కూడా అనుకోలేదు.

"నాకొక్క మాట చెప్పకూడదూ?"

"మీ నోట్లో నువ్వుగింజ నానదు. మీకు చెబితే సాయంత్రానికి అమ్మకి తెలిసిపోదూ? నా మీద నిఘా పెడతారా అని మా ఇద్దరి మొహమూ చూడదు. అసలు మీ ఫోనేదీ? నాది పొద్దున్నే చార్జి అయిపోయి చచ్చింది."

పనికి అడ్డొస్తుందని అతను ఫోను నోరు నొక్కి పడగ్గదిలో పడేశాడు. తెచ్చి చూస్తే తెరనిండా బావగారి మిస్డ్ కాల్సే. ఆమె లాక్కుని తిరిగి చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది.

"ఎత్తడం లేదు. బండి మీద బయల్దేరినట్టున్నాడు. ఏమైపోయిందో అన్న కంగారులో లారీల మధ్య ఎలా నడుపుతున్నాడో ఏమిటో," అంటూ కళ్లు తుడుచుకుంది.

భర్త గబగబా టీవీ వెనక నుంచి బోర్డు లాగబోయి ఆగిపోయాడు. లాగి ఏం చేస్తాడు? తుడిచేసిన కార్డు మళ్లీ రాదు. పొద్దుటి నుంచి తన పనితనానికి తానే మురిసిపోయినందుకు సిగ్గేసింది. బావగారికేమన్నా అయితే ఆ పాపం తనదే.

"ఏమే, వచ్చావా? చేతులు కడుక్కోండి, వడ్డిస్తాను." అత్తగారు కంచాలతో బయటికి వచ్చింది. బల్ల మీద ఒక్కొక్కటీ సర్దింది. నాలుగు.

"మనం ముగ్గురమే కదమ్మా."

"చేతికొచ్చాయి, పెట్టాను. ఉండనీ. బాబూ, పిల్లల చిన్నప్పటి వీడియో ఎక్కిందా అందులోకి? పెట్టు, చూస్తాను."

కాదనలేక అతను మీట నొక్కాడు. తెరమీద ఓ పిల్లాడు గడియారం భాగాలన్నీ నేలమీద పరుచుకుని కూర్చున్నాడు. మళ్లీ ఎలా బిగించాలో తెలియక బిక్కమొహం వేశాడు. ఇప్పుడు లిఫ్టులు బాగుచేసే బావగారే ఆ పిల్లాడు. కూతురు తలతిప్పేసుకుంది. ఫోను చెవి దగ్గరే ఉంది, మోగుతూనే ఉంది.

ఆ మోత గుమ్మం బయట వినిపించింది.

వెంటనే తలుపు దబదబా బాదారు. అల్లుడు గడియ తీశాడో లేదో, హెల్మెట్టయినా తీయకుండా బావగారు అతన్ని తోసుకుని లోపలికి వచ్చాడు. ఒంటిమీద పనిబట్టలు, మోచేతుల దాకా గ్రీజు. గడప దాటిన సంగతే అతనికి తెలియలేదు.

"అమ్మ ఏదే?"

అమ్మ బల్ల దగ్గరే గరిటె పట్టుకుని నిలబడి ఉంది. ఆమెను చూడగానే అతను గోడకి ఆనుకుని నేలమీద కూర్చుండిపోయాడు.

"పొద్దున లిఫ్టు గుంటలో ఉన్నాను. సిగ్నల్ లేదు. పైకొచ్చి చూస్తే... డ్రాయరు తెరవలేదు నువ్వు," అని, నోరు జారానని తెలిసి ఆగిపోయాడు.

చెల్లెలు గట్టిగా కళ్లు మూసుకుంది. రెండేళ్ల గుట్టు బల్లమీద పడింది.

"తప్పు నాది బావగారూ. తెలియక నేనే ఆ కార్డు..." అల్లుడు మొదలుపెట్టాడు.

అత్తగారు అతని వైపు చూడనే లేదు. గరిటె కంచంలో పెట్టి, వచ్చి కొడుకు ముందు కూర్చుంది. హెల్మెట్ తీసి పక్కన పెట్టింది. కొంగుతో అతని మొహం తుడిచింది.

"నేను పిలవలేదు. అది గుర్తుపెట్టుకో."

అతను తలూపాడు.

"మాత్రకి డ్రాయరు తెరవకముందే, నీకు కబురు మోసే ఆ పచ్చలైటు తీసి అల్లుడి చేతిలో పెట్టాను. ఇంతసేపు పట్టిందేంరా నీకు?"