తడిసిన కోడిపిల్ల

దేవుడి క్షమాపణ అంటే ఏమిటని సండేస్కూలు పిల్లలు అడిగితే, మా పాత పెరటి చుక్కలకోడి కథ చెప్పేదాన్ని.

దాని పిల్లల్లో ఒకటి మొండిది. "నీ రెక్క కింద ఒకటే ఉక్క! నేనుండను పో" అని తల్లిని పొడిచి మరీ వెళ్లిపోయింది. సాయంత్రం వాన పట్టుకుంది. బురదలో పడి, వణుకుతూ వచ్చి, గూటి గుమ్మంలో ఆగిపోయింది.

"లోపలికి రావే," అంది తల్లి.

"నిన్ను పొడిచానమ్మా. పైగా ఒళ్లంతా బురద. శుభ్రంగా కడుక్కుని, ఆరాక వస్తాలే."

"మహారాణిగారు తలంటు పోసుకుని వస్తారట!" అని తోబుట్టువులు కిసకిసలాడాయి.

"పిచ్చిదానా, పొడిచిన సంగతి అప్పుడే వదిలేశాను. నీ అంతట నువ్వు ఆరేలోపు చలికి చచ్చిపోతావే. అయినా, ఆరాక ఇక నా రెక్కెందుకు?"

పిల్ల బురదతోనే దూరింది. తల్లి ఈకలన్నీ బురదయ్యాయి. అయినా తెల్లారేదాకా రెక్క ఎత్తలేదు.