ఇత్తడి బోర్డు

"బోర్డు ఇత్తడిదా, రేకుదా?" మూడోసారి అడిగింది రమాకుమారి.

ఉమామహేశ్ కంచంలోంచి తలెత్తలేదు. "ఇత్తడిదే. పైన తిరుపతన్నయ్య పేరు, కింద డైరెక్టర్ అని. మేకులు నేనే కొట్టేను."

"నువ్వే కొట్టేవా! సిగ్గు నేదేటి నీకు? నీకు రావాల్సిన కుర్చీ అది!"

"ప్యూన్ని. కొట్టమంటే కొట్టనా?"

రమ కడుపులో బిడ్డ కదిలింది. కడుపులో మంట మాత్రం బిడ్డ వల్ల కాదు.

తిరుపతిరావు ఎవరో కాదు, రమ అక్క అరుణకుమారి మొగుడే. కలకత్తా మెటియాబ్రుజ్‌లో అక్కాచెల్లెళ్ళ ఇళ్ళు ఒకే సందులో ఎదురెదురు. ఉమామహేశ్ భవానీపూర్‌లోని చమురు కంపెనీ ఆఫీసులో ప్యూను. తిరుపతిరావు అదే కంపెనీ యజమాని మల్లిక్‌బాబు కారు తోలతాడు. కంపెనీకి అస్సాంలో చమురు బావులున్నాయి. తోడుకున్నన్నాళ్ళు తోడుకుని, ఎండిపోయాక మూతలైనా వేయకుండా వదిలేసింది. గ్యాసు లీకై, మడ్డి పారి చుట్టుపక్కల పొలాలు పాడయ్యాయి. శుభ్రం చేసి తీరాలని ప్రభుత్వం కోర్టుకెక్కింది.

అప్పుడు మల్లిక్‌బాబు ఉమామహేశ్ భుజం మీద చెయ్యేశాడు. బావుల పని చూడ్డానికి వేరే చిన్న కంపెనీ పెడుతున్నాననీ, దానికి నమ్మకమైన డైరెక్టర్ కావాలనీ, నువ్వు నాకు కొడుకులాంటివాడివనీ అన్నాడు. ఆ సాయంత్రమే రమ సందంతా సందేశ్ పంచింది. ఒక్క తిరుపతిరావే మిఠాయి ముట్టుకోలేదు.

"సంతకం పెట్టకురా ఉమా. ఆ కుర్చీ మనలాటోళ్ళకి కాదు. మొన్న కారులో..."

"ఇప్పుడు నీ కారు కబుర్లెందుకు బావా?" రమ అడ్డుపడింది. "ఇన్నేళ్ళు బాబు కారు తోలేవు, నిన్ను అడగనేదని కుళ్ళు. అంతేనా?"

ఉమామహేశ్ కూడా నవ్వేశాడు. "నాకు మంచి జరిగితే నీకేటి అన్నయ్యా?"

తిరుపతిరావు ఇంకేదో అనబోయి, రమ అప్పుడప్పుడే ఎత్తుగా కనబడుతున్న కడుపు వంక చూసి, లేచి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆ పెద్దమనిషి చేసిన నిర్వాకం ఏమిటయ్యా అంటే, మల్లిక్‌బాబు కాళ్ళ మీద పడ్డాడు. "ఆ కుర్రాడు తాగుతాడు బాబూ, నోట్లో మాట దాగదు. నాకివ్వండి" అన్నాడు. టీ ట్రేతో గుమ్మంలో నిలబడ్డ ఉమామహేశ్ ఈ మాట చెవులారా విన్నాడు. పండగనాడు కూడా చుక్క ముట్టని మనిషి అతను! మల్లిక్‌బాబుకి ఎవరైతేనేం, సరేనన్నాడు.

అప్పట్నుంచి రమకి అన్నం సయించడం మానేసింది. టీకొట్టువాడు బావని "డైరెక్టర్‌దా" అని అన్నయ్య వరస కలిపి పిలిస్తే ఒళ్ళు మండేది. చేపలవాడు అక్కని వదిన వరసలో "బౌది" అంటూ మంచి ముక్క ఏరి ఇస్తే, రమ ఖాళీ సంచీతో వెనక్కి వచ్చేసేది. అక్కతో మాట మానేసింది. కిటికీ దగ్గర నిలబడ్డం మాత్రం మానలేదు.

"సూడు, సూడు! కుట్టుమిషను దింపుతన్నారు. డైరెక్టరమ్మ ఇంక కొట్టు పెడతాది కాబోలు."

ఇంకోనాడు అక్క మెడలో గొలుసు కనిపించలేదు, పసుపుతాడే ఉంది. "చెరిపించి పెద్దది చేయిస్తన్నాది. నాకు తెలీదా?"

మరోనాడు బావ దళసరి కంబళి ఒకటి చంకన పెట్టుకుని వచ్చాడు.

"ఈ ఉక్కలో కంబళేటి?" అన్నాడు ఉమామహేశ్. "డైరెక్టరైనా కారు తోలతానే ఉన్నాడు పాపం."

"ఎక్కడి పాపం! అస్సాం టూరుకి, చలికి. కారు తోలడం నలుగురి ముందూ నటన. ఆ కంబళి మన మంచం మీద ఉండాల్సింది!"

"పోనీ, వెళ్ళి అక్కనే అడగరాదా?"

"నేనా? నా చెప్పు అడుగుతాది."

వానలు మొదలయ్యాక ఒక పొద్దున్న సందు మొదట్లో పోలీసు జీపు ఆగింది. బావులు శుభ్రం చేయడానికి కోర్టు ఇచ్చిన గడువు దాటిపోయిందట. ఒక్క బావికైనా మూత పడలేదట. బావులన్నీ ఇప్పుడు చిన్న కంపెనీవి, చిన్న కంపెనీకి ఉన్న ఒకే ఒక్క డైరెక్టరు తిరుపతిరావు. మల్లిక్‌బాబుకి వాటితో ఏ సంబంధమూ లేదట. తిరుపతిరావు గోల చేయలేదు. ఆ కంబళే చంకన పెట్టుకుని జీపెక్కాడు. ఎక్కేముందు రమ కిటికీ వైపు ఒకసారి చూశాడు.

రమకి ముందు ఒళ్ళు ఝల్లుమంది. ఆ తర్వాత, అబద్ధమెందుకు, కడుపు చల్లబడింది. ఉతికిన చీర కట్టుకుని, ఇన్నాళ్ళకి అక్క గడప తొక్కింది.

అరుణ మిషను తొక్కుతోంది. పక్కన దర్జీల దగ్గర్నుంచి తెచ్చుకున్న గుడ్డముక్కల గుట్ట ఉంది. ఆమె కళ్ళు పొడిగానే ఉన్నాయి.

"ఏడవకే అక్కా," అంది రమ. "ఏటి సేస్తాం? ఒకరి నోటికాడది లాక్కుంటే ఇలాగే అవుతాది. పాపం, ఆ కుర్చీ కింద ఏటుందో బావకేటి తెలుసు?"

అరుణ మిషను ఆపింది. "తెలుసు. బాబూ లాయరూ కారులో మాటాడుకుంటే అన్నీ ఇన్నాడు. ఎవులు సంతకం పెడితే ఆళ్ళే జైలుకని."

"తెలిసీ... మరెందుకు పెట్టేడు?"

అరుణ దారం పంటితో కొరికి, చెల్లెలి కడుపు వంక చూసింది.

"నీ మొగుడు పెట్టకూడదని."