ఆకుపచ్చ టిక్కు

ఈరోజు కూడా ఆమె మొగుడు క్షేమంగా ఉన్నాడు. ఫోన్లో ఆకుపచ్చ టిక్కు పడింది.

కూతురు మంచం దిగకుండానే ఫోన్ లాక్కుని ఆ టిక్కుకి ముద్దు పెట్టింది. ఐదేళ్ళ పిల్లకి ఇప్పుడు నాన్నంటే అదే.

అతను నడిసముద్రంలో చేపల పడవ మీద పనిచేస్తాడు. ఆ పడవ నెలల తరబడి ఇటు రేవు మొహం చూడదు. పట్టిన చేపని నీళ్ళమీదే పెద్ద ఓడలోకి ఎక్కించేస్తారు. వెనకటికి ఇలాంటి పడవల మీద మనుషులు మాయమైపోయేవారు. ఏమయ్యారని అడిగే దిక్కుండేది కాదు. అందుకని చేప కొనేవాళ్ళు పట్టుబట్టి బ్లాక్‌చెయిన్ పెట్టించారు. పడవ మీద ప్రతి మనిషీ రోజూ పొద్దున యంత్రం మీద బొటనవేలు నొక్కాలి. నొక్కగానే అది కంపెనీలో, ఓడరేవులో, కార్మిక శాఖలో, కొనేవాళ్ళ దగ్గర ఒకేసారి నమోదవుతుంది. ఒకచోట మార్చినా మిగతా చోట్ల దొరికిపోతారు. ఇంట్లోవాళ్ళ ఫోన్లలో మాత్రం ఒక టిక్కు పడుతుంది.

మొదట్లో అతను వారానికోసారి పడవ ఫోన్ నుంచి మాట్లాడేవాడు. సగం సేపు వంటవాణ్ణి తిట్టడానికే సరిపోయేది. చివరిసారి మాత్రం గొంతు నీరసంగా ఉంది.

"దిగిపోతానే. ఒళ్ళు సహకరించట్లేదు."

"దిగి ఏం చేస్తావు, నా కొంగు పట్టుకుని తిరుగుతావా? అక్కడ అందరూ చెయ్యట్లేదా? నువ్వొక్కడివే సుకుమారుడివి."

అతను ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ చెయ్యలేదు.

కొన్నాళ్ళు చూసి ఆమే చేసింది. సరంగు ఎత్తాడు. పడవ నడిపేదీ, అందులో మనుషుల్ని ఏలేదీ అతనే.

"పనిలో ఉన్నాడమ్మా."

మళ్ళీ చేసింది.

"చెప్పానమ్మా. మాట్లాడనంటున్నాడు. మొగుడూ పెళ్ళాల మధ్యలోకి నన్ను లాగకండి."

అలిగాడనుకుంది. తన నోటిదురుసు వల్లే కదా అని లోలోపల నొచ్చుకుంది కూడా. రోజులు గడిచేకొద్దీ నొచ్చుకోవడం పోయి భయం పట్టుకుంది. కార్మిక శాఖ ఆఫీసుకి వెళ్ళింది.

అధికారి మంచివాడే. కుర్చీ చూపించాడు. కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పాడు.

"ఇదిగో, ఇది ఇవాళ్టిది. ఇది నిన్నటిది. చూడండి, మిగతావాళ్ళు జ్వరమనీ, నడుము నొప్పనీ అప్పుడప్పుడూ నాగా పెట్టారు. మీ ఆయన ఒక్కరోజు మానలేదు."

"ఒకసారి పడవని రప్పించి చూడకూడదా సార్?"

"వరసగా మూడు రోజులు ఎవరి వేలైనా పడకపోతే మేమే రప్పిస్తామమ్మా. వేట సీజనంతా పోయినా సరే, రేవులో కట్టి పడేస్తాం. ఆ భయంతోనే సరంగులు ఇప్పుడు మనుషుల్ని పువ్వుల్లో పెట్టి చూసుకుంటున్నారు. మనిషి అబద్ధమాడతాడేమో గానీ ఇది ఆడదు."

ఆమె గుండెల మీంచి బరువు దిగింది. ఆఫీసు మెట్లు దిగేసరికి ఆ చోట్లోకి కోపం వచ్చి కూర్చుంది. బతికే ఉన్నాడు. లక్షణంగా ఉన్నాడు. తనతో మాట్లాడ్డానికే మనసు రావట్లేదు.

ఆమె పని చేపల డబ్బాలకి లేబుళ్ళు అంటించడం. పక్కనే నిలబడి అంటించే అక్కకి నోరు ఊరుకోదు.

"డీజిల్ కోసమని మధ్యలో ఏదో రేవులో ఆగుతారటే. అక్కడెవత్తో తగులుకుని ఉంటుంది."

"ఆయన అలాంటివాడు కాదక్కా."

"ఇంట్లో ఉన్నంతసేపూ ఎవడి మొగుడూ అలాంటివాడు కాదులే."

అక్క నవ్వింది. ఆమె ఆరోజు చాలా లేబుళ్ళు వంకరగా అంటించి సూపర్‌వైజర్ చేత చీవాట్లు తింది.

వానలు మొదలయ్యాక కూతురికి జ్వరం తగిలింది. ఎంతకీ దిగకపోతే ఆస్పత్రిలో చేర్చారు. పిల్ల కలవరింతల్లో నాన్నా, నాన్నా అంటోంది. ఆమె వరండాలోకి వచ్చి పడవకి ఫోన్ చేసింది.

"అన్నా, మీ కాళ్ళు పట్టుకుంటాను. పిల్లకి బాలేదు. నాతో వద్దు, దానితో ఒక్క మాట మాట్లాడమనండి."

"ఉండమ్మా," అని సరంగు ఫోన్ పక్కన పెట్టి, కాసేపటికి మళ్ళీ ఎత్తాడు.

"చెప్పానమ్మా," అన్నాడు సరంగు. "రానంటున్నాడు."

పొద్దున డాక్టరు వచ్చి పిల్లకి గండం గడిచిందని చెప్పాడు. ఆయన అటు వెళ్ళగానే ఫోన్ టింగుమంది. ఆకుపచ్చ టిక్కు.

అది చూసి ఆమెకి ఒళ్ళు మండిపోయింది. కన్నకూతురు చావుబతుకుల్లో ఉంటే నోరు పెగలనివాడికి, కంపెనీ కోసం వేలు నొక్కడానికి మాత్రం చెయ్యి ఆడింది. ఇంటికి రాగానే గోడకున్న పెళ్ళిఫోటో తీసి అటక మీదకి విసిరేసింది. ఫోన్లోంచి ఆ యాప్ తీసిపారేసింది.

"నాన్న టిక్కు ఏదమ్మా?" అంది పిల్ల.

"మీ నాన్నకి మనం అక్కర్లేదు. మనకీ వాడు అక్కర్లేదు. ఇంకెప్పుడూ ఆ మాట నా దగ్గర ఎత్తకు."

పిల్ల బిక్కమొహం వేసింది. తల్లి మొహం చూసి మళ్ళీ అడగడానికి భయపడింది. ఏడుస్తూనే నిద్రపోయింది.

మర్నాడు పొద్దున కూడా, రోజూలాగే, సరంగు పడవ అడుగున ఐస్ గదిలోకి దిగి, ఆమె మొగుడి శవాన్ని సముద్రంలోకి తోసేసే ముందు కోసి దాచిన బొటనవేలిని పైకి తెచ్చి, గోరువెచ్చటి నీళ్ళలో కాసేపు ఉంచి, తడి తుడిచి, యంత్రం మీద నొక్కాడు.